కన్నులు తెరచి చేసే ప్రార్థన: తెలుగు సంఘాలలో పవిత్ర చిత్రము, ధ్యానము

పశ్చిమ కర్నూలులోని జొన్నగిరి పేరు వినగానే రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. తొలకరి వానలు పడగానే ఆ చేలలో వజ్రాలు వెదికే జనం ఒకటి. ఊరికి చేరువలో ఎర్రగుడి బండలమీద అశోకుడు చెక్కించిన శాసనాలు మరొకటి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటి ఆ శాసనాలలో ఒకటి, రాజాజ్ఞను రజ్జుకుడనే అధికారి భేరి మోగించి జనపదానికి తెలియజేయాలని ఆదేశిస్తుంది. రాతిమీద అక్షరం ఉన్నంత మాత్రాన చదువురాని వారికి అది చేరదని ఆ చెక్కించినవారికి తెలుసునన్నమాట.

ఇదే ప్రాంతంలోని క్రైస్తవ సంఘాల ముందు ఇప్పటికీ అటువంటి ప్రశ్నే నిలిచి ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాలు 2011 జనాభా లెక్కలలో సైతం అక్షరాస్యతలో బాగా వెనుకబడినవిగానే కనబడతాయి. వానలు తప్పిన ఏట ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల కుటుంబాలు గుంటూరు మిరప చేలకో, కర్ణాటకకో, హైదరాబాదుకో వలస పోతాయి. బైబిలు తెరచి, వాక్యభాగాన్ని నెమ్మదిగా పదేపదే చదువుకొని ధ్యానించాలని వేదాంత కళాశాలలలో మనం నేర్పే పద్ధతి ఈ విశ్వాసుల చేతికి అందేది కాదు. చెవి విషయంలో మన సంఘం పేదది కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కాలం నుండి రాగతాళాలతో కూడిన కీర్తనలు చదువురాని అవ్వ నోటికి కూడా సువార్తను అందించాయి. మరి కంటికి మనం ఏమి ఇచ్చాము? తెలుగు సంఘాలు పవిత్ర చిత్రంతో ఎలా మెలగాయో, దానిముందు ప్రార్థించడం మన చరిత్రలో ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

మన ఆరాధనలో తరచుగా వినబడే పిలుపు, కన్నులు మూసికొని తలలు వంచుదాం అన్నది. ఇది మంచి అలవాటే. అయితే ఇది లేఖనాజ్ఞ కాదు. యోహాను 17వ అధ్యాయంలో ప్రభువు ఆకాశమువైపు కన్నులెత్తి ప్రార్థించాడు. లూకా 18లోని సుంకరి కన్నులెత్తడానికి ధైర్యం చేయలేదని చెప్పడంలోనే, కన్నులెత్తి ప్రార్థించడం ఆనాటి వాడుక అని తెలుస్తూ ఉంది. లూకా 23లో గలిలయ స్త్రీలు సిలువకు దూరంగా నిలిచి చూస్తూ ఉన్నారు. అక్కడ వారు పలికిన మాట ఒక్కటీ సువార్తికుడు రాయలేదు. తరువాత సమాధిని, దేహాన్ని ఉంచిన తీరును కూడా చూచారు. ఆదివారం ఉదయం ఎక్కడికి వెళ్ళాలో వారికి తెలిసింది ఆ చూపు వల్లనే.

మిషనరీ వారసత్వము, దానిలోని న్యాయము

1810లో జాన్ హ్యాండ్స్ బళ్ళారిలో లండన్ మిషనరీ సొసైటీ పనిని ప్రారంభించాడు. ఆదోని తాలూకా ఆనాడు బళ్ళారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. జొన్నగిరి ఉన్న పత్తికొండ వైపు అంతకు ముందునుండే కర్నూలుది. లండన్ మిషను వారు ప్రధానంగా కాంగ్రిగేషనల్ సంప్రదాయానికి చెందినవారు. సున్నం వేసిన గోడ, ప్రసంగ వేదిక, తెరచిన బైబిలు, ఇవే వారి ఆరాధన స్థలానికి అలంకారం. ఈ వైఖరి వెనుక జెనీవా సంస్కరణ ఉంది. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, చదువురాని వారికి పుస్తకాలుగా బొమ్మలను ఆలయంలో ఉంచవచ్చునా అనే ప్రశ్న వేసి, కూడదనే జవాబు చెప్పింది. దేవుడు తన ప్రజలకు మూగబొమ్మల ద్వారా కాక సజీవ వాక్య ప్రకటన ద్వారా నేర్పుతాడన్నది దాని వాదన.

దీనిని తెల్లదొరల సంకుచితత్వమని కొట్టివేయడం ఈ మధ్య వ్యాసాలలో ఫ్యాషనైంది. మేము దానితో ఏకీభవించము. ఈ ప్రాంతంలో క్రీస్తును అంగీకరించినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం, బలి ఇచ్చిన దున్నపోతును ఎత్తడం, ఊరికోసం అవమానకరమైన పనులు చేయడం వారి వంతు. ఆదోని-బళ్ళారి ప్రాంతంలో ఆడపిల్లలను బసివినులుగా విడిచే ఆచారం ఉండేది. దీనిని నిషేధించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చింది. అలాంటి కుటుంబం ఇంటిలోని రాతిని, పటాన్ని బయట పెట్టిందంటే, అది ఒక సిద్ధాంతానికి తల ఊపడం కాదు. తమ కూతుళ్ళమీద ఊరికి ఉన్న హక్కును కాదనడం. విగ్రహమనే మాట వినగానే వారి మనుమల మనస్సు ఇప్పటికీ బిగుసుకుంటుందంటే, ఆ భయాన్ని చులకన చేసే అధికారం చిత్రకళను మెచ్చుకొనే మనబోటివారికి లేదు.

లేఖనమే ఈ విషయంలో రెండు వైపులా నిలుస్తుంది. సంఖ్యాకాండము 21లో దేవుడే ఇత్తడి సర్పాన్ని చేయించి, దానిని చూచినవాడు బ్రతుకుతాడని చెప్పాడు. రెండవ రాజుల గ్రంథము 18లో అదే సర్పానికి ఇశ్రాయేలీయులు ధూపం వేయసాగారు గనుక హిజ్కియా దానిని ముక్కలు చేయించాడు. వస్తువు మారలేదు, చూచే తీరు మారింది. దేవుడు చేయమన్నాడు గనుక ఎప్పటికీ ఉంచాలనిగాని, హిజ్కియా పగలగొట్టాడు గనుక అసలు చేయకూడదనిగాని ఈ రెండు భాగాలను కలిపి చదివినవారు అనలేరు. యోహాను 3:14లో ప్రభువు తన సిలువ మరణాన్ని వివరించడానికి ఎంచుకొన్నది, హిజ్కియా విరగగొట్టించిన ఆ వస్తువునే.

విశ్వ సంఘం కూడా ఈ ప్రశ్నతో చాలా కాలం పెనుగులాడింది. క్రీ.శ. 600 ప్రాంతంలో రోమా బిషప్పు గ్రెగొరీ, బొమ్మలను పగలగొట్టించిన మర్సేయి బిషప్పు సెరెనుస్‌కు లేఖ రాస్తూ, వాటిని ఆరాధించనీయకపోవడం సరే గాని పగలగొట్టడం తగదని మందలించాడు. చదువరులకు లేఖనం ఎలాగో చదువురాని వారికి చిత్రం అలాగని ఆయన అభిప్రాయం. 8వ శతాబ్దంలో బైజాంటియం చక్రవర్తులు చిత్రాలను నిషేధించినప్పుడు దమస్కు యోహాను ఇంకొక మెట్టు ఎక్కి, శరీరధారియైన దేవుని చిత్రించవచ్చునని వాదించాడు. 787లో రెండవ నీకయ సభ గౌరవానికీ, దేవునికి మాత్రమే చెల్లే ఆరాధనకూ తేడా చెప్పి చిత్రాలను తిరిగి అనుమతించింది. సంస్కరణోద్యమంలోనూ అందరిదీ ఒకే మాట కాదు. 1522లో విట్టెన్‌బర్గ్‌లో బొమ్మలు పగలగొట్టేవారిని లూథరు అడ్డుకొన్నాడు. క్రీస్తు శ్రమను గూర్చి వినేటప్పుడు హృదయంలో సిలువపై వ్రేలాడే మనిషి రూపం ఎలాగూ ఏర్పడుతుందనీ, హృదయంలో ఉండదగినది కన్నుల ముందు ఎందుకు ఉండకూడదనీ 1525లో అడిగాడు. బళ్ళారికి వచ్చిన మిషను జెనీవా దారిది. 1842లో గుంటూరుకు వచ్చిన హేయరు మిషను లూథరన్. తెలుగు క్రైస్తవ చిత్రకళలో ఆ తరువాత జరిగినదానికి ఈ తేడా ఒక కారణమని మా అభిప్రాయం.

పాఠానికి బొమ్మ, ప్రార్థనకు చీకటి

మన సంఘాలలో బొమ్మలు లేవనుకోవడం పొరపాటు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట భారతదేశంలోని మిషనరీలు మ్యాజిక్ లాంతరును విరివిగా వాడారు. రంగురంగుల బైబిలు చిత్రాలు చుట్టగా వచ్చేవి. ఒక్కొక్క వారం ఒక్కొక్క బొమ్మ తిప్పి సండేస్కూలు పిల్లలకు కథ చెప్పేవారు. పటం చూపి కథ చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. తెలంగాణలో చేర్యాల నకాషీలు గీసిన నిలువు పటాన్ని విప్పుతూ, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. ఊరు తక్కువ చేసిన కులానికి దాని పుట్టుకలోని గొప్పతనాన్ని కంటి ఎదుట నిలిపే పటం అది. మిషనరీ చిత్రాల చుట్ట వచ్చి తగిలింది ఇలాంటి చూపుకే.

అయితే లాంతరు బొమ్మ పాఠానికి చెందినది. బొమ్మ వెలిగినంతసేపు బోధకుడు మాటలాడతాడు. బొమ్మ ఆరిపోయాక, కన్నులు మూసికొని ప్రార్థన. చూడడానికీ ప్రార్థించడానికీ మధ్య గీత పడింది అక్కడే. ఇంటి గోడమీద క్రీస్తు క్యాలెండరు బొమ్మ ఉంటుంది, దానితో ఏమి చేయాలో ఎవరూ చెప్పరు. కొత్తగా వచ్చిన కాపరి తీసివేయమంటే తీసివేస్తారు. లేకుంటే, ఎవరూ చూడనప్పుడు దానిముందు కొవ్వొత్తి వెలిగిస్తారు.

కతోలికుల దారి వేరు. 1924లో ఫాదర్ అర్లాటి గుణదల కొండమీద మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించాడు. ఫిబ్రవరి 11 పండుగకు అన్ని మతాలవారు వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. విగ్రహం అనకుండా స్వరూపం అని వాడే అలవాటు కూడా గమనించదగినది. కాని గుణదల ప్రధానంగా మొక్కుబడి, యాత్ర. మేము ఇక్కడ వెదుకుతున్నది, ఒక్క చిత్రం ముందు అరగంట ఏమీ అడగకుండా కూర్చొనే ధ్యానాన్ని.

దానికి మరింత దగ్గరైన చోటు వింతగా ఒక మెథడిస్టు ఆలయం. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువుకాలంలో వేలమందికి పనీ తిండీ కల్పిస్తూ కట్టించిన మెదక్ కెథెడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. దాని మూడు పెద్ద గాజు కిటికీలు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. ఆరోహణం 1927లో, క్రీస్తు జననం 1947లో, సిలువ 1958లో అమరాయి. వీటికి ఒక లక్షణం ఉంది. వెలుగు బయటనుండి వస్తేనే బొమ్మ కనబడుతుంది. లోపల ఎన్ని దీపాలు పెట్టినా రాత్రివేళ అది నల్లని గాజే. ఉదయం మసకగా ఉన్న ముఖం పొద్దెక్కేకొద్దీ తేటపడుతుంది. అక్కడ కూర్చొనేవారికి తొందరపడే వీలు లేదు, సూర్యుడు కదలాలి. చూపుతో ప్రార్థించడానికి తెలుగునేలమీద ఇంతకంటె అనువైన స్థలం మాకు తెలియదు. కాని వచ్చేవారిలో ఎక్కువమంది ఫోటో తీసుకొని వెళ్ళిపోతారు. కిటికీ ఇచ్చినవారు చూపు నేర్పలేదు. పైగా ఆ గాజులోని క్రీస్తు, ఆయన చుట్టూ ఉన్న జనం ఐరోపా ముఖాలవారు. గంజికోసం రాయి మోసిన మెదక్ కూలి తన ముఖాన్ని అందులో చూచుకోలేడు.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్‌లో బిషప్ అజరయ్య ఈ లోటును మరో విధంగా తీర్చాడు. మసీదు గుమ్మటాలు, దేవాలయపు రాతి స్తంభాలు, వాటిమీద తామరపూలు. అందులో ఈ నేల ఉంది, మనుష్యరూపం మాత్రం లేదు.

సన్నిధి నుండి బాటిక్ వరకు

1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసు అయ్యగారు బైబిలు మిషనును ప్రారంభించారు. లూథరన్ సంఘం నుండి వచ్చిన ఆయన ప్రార్థన బోధలో రెండు విషయాలు ముఖ్యం. ఒకటి సన్నిధి, అంటే మాటలు తగ్గించి దేవుని ఎదుట కనిపెట్టుకొని ఉండడం. రెండవది దర్శనం. తెలుగులో దర్శనమనే మాట గుడికి వెళ్ళినవానికీ వాడతాము, యెషయాకు కలిగినదానికీ వాడతాము. చిత్రాలు లేకుండానే దేవదాసు అయ్యగారు కంటికి ప్రార్థనలో చోటు ఇచ్చారు.

ఈ ఉద్యమాన్ని లోతుగా అధ్యయనం చేసి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందినవాడు చిత్రకారుడు కావడం యాదృచ్ఛికమని మేము అనుకోము. పులిదిండి సాల్మన్ రాజ్ (1921-2019) ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘపు గురువు. మద్రాసు గురుకులంలోనూ ఇంగ్లండులో సెలీ ఓక్ కళాశాలలలోనూ బోధించాడు. బైబిలు మిషనుపై ఆయన గ్రంథం 1986లో వెలువడింది. తరువాత విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమాన్ని నెలకొల్పి, బాటిక్‌లు, చెక్కముద్రలు, లినోకట్లు చేస్తూ జీవితాంతం గడిపాడు. లూకా సువార్తలోని విమోచనపై ఒక వరుస చేశాడు. ఆయన క్రీస్తు చెప్పులు లేని కాళ్ళతో తిరిగే బోధకుడు. ఐగుప్తుకు పారిపోయే పవిత్ర కుటుంబం ఆయన చేతిలో కాందిశీకుల కుటుంబం. మూటలతో గుంటూరు బస్సెక్కే కోసిగి కుటుంబానికి ఆ బొమ్మను వేరే వివరించి చెప్పనక్కరలేదు.

మా దృష్టిలో ఆయన చేసిన మేలు భారతీయ ముఖంగల క్రీస్తును గీయడం ఒక్కటే కాదు. అది అంతకు ముందు గోవాకు చెందిన ఆంజెలో దా ఫొన్సెకా వంటివారు చేసినదే. సాల్మన్ రాజ్ చిత్రంతోపాటు ధ్యానాన్ని ఇచ్చాడు. 1993లో వచ్చిన ‘లివింగ్ ఫ్లేమ్ అండ్ స్ప్రింగింగ్ ఫౌంటెన్’ బాటిక్‌లనూ ధ్యానాలనూ పక్కపక్కన ఉంచిన పుస్తకం. ఆ ధ్యానాలు, చిత్రం ముందు ఎలా నిలవాలో నేర్పుతాయి. లాంతరు కాలంలో విడిపోయిన చూపు, ప్రార్థన ఇక్కడ మళ్ళీ ఒక పేజీలో కలిశాయి. ఇంగ్లీషులో రావడం వల్ల మన పల్లెలకు అవి చేరలేదన్నది వేరే విచారం.

బాటిక్ తయారయ్యే పద్ధతి కూడా చెప్పుకోదగినది. తెల్లగా ఉండవలసిన చోట గుడ్డమీద మొదట కరిగిన మైనం పూస్తారు. లేత రంగులో ముంచుతారు. ఆ రంగు నిలవవలసిన చోట మళ్ళీ మైనం, తరువాత ముదురు రంగు. అన్నిటికంటె వెలుగైన భాగం అందరికంటె ముందు కప్పబడి, చివరకు మైనం తీసేదాకా చేసేవానికి కూడా కనబడదు. మైనం విరిగిన సన్నని పగుళ్ళలోకి రంగు దిగి, ఎవరూ గీయని గీతలు ముఖంమీద ఏర్పడతాయి. సాల్మన్ రాజ్ సిలువ, శ్రమ, బీదరికం ఎక్కువగా గీసినవాడు గనుక ఈ పగుళ్ళు ఆ విషయాలకు బాగా పొసగాయి. ఇక లినోకట్ చవకైనది. ఒకసారి చెక్కితే సంఘ పత్రికకు ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. కలంకారీలోనూ ఇలాంటి వీలు ఉంది. శ్రీకాళహస్తి చిత్రకారులు కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డమీద రామాయణ భారతాలతోపాటు క్రీస్తు జీవిత ఘట్టాలను కూడా గీశారు. 1938లో మాచాని సోమప్ప నేతపనివారల సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరులో గుడ్డకు కొదవ ఏముంది?

పల్లెలో దీనిని ఎలా ఆచరించాలి? 12వ శతాబ్దపు సన్యాసి రెండవ గీగో పఠనం, ధ్యానం, ప్రార్థన, దర్శనం అని నాలుగు మెట్లు చెప్పాడు. చిత్రంతో ప్రార్థించేవారు పఠనానికి చూపును జోడిస్తారు. 1548లో పోపు ఆమోదం పొందిన ఇగ్నాషియస్ సాధనలు సువార్త స్థలాన్ని మనస్సులో కట్టుకోమంటాయి. హెన్రీ నౌవెన్ 1992లో ప్రచురించిన పుస్తకమంతా రెంబ్రాంట్ గీసిన తప్పిపోయిన కుమారుని బొమ్మ ఒక్కదానిముందు చేసిన ధ్యానమే. మన సంఘాలలో ఇది ఇంకా తేలిక. చదువువచ్చిన ఒక్కరు వాక్యభాగాన్ని బిగ్గరగా చదవాలి. అందరూ చిత్రాన్ని చూడాలి. ఎవరి కన్ను ఎక్కడ ఆగిందో అక్కడే ఉండనివ్వాలి. వ్యాఖ్యానం వద్దు. కాపరులకు ఇది కష్టమే. జొన్నగిరి చేలలో రాయి వెదికేవారు నిదానంగా నేలనే చూస్తూ గడుపుతారు, మధ్యలో ఎవరూ వారికి ప్రసంగం చేయరు. మళ్ళీ అదే భాగం చదవాలి. అప్పుడు ఒక్కొక్కరు తమ కన్ను ఆగిన చోటునుండి ఒక్క వాక్యం ప్రార్థించాలి. కాళ్ళ దగ్గర ఆగినవారు కాళ్ళను గూర్చే ప్రార్థిస్తారు, వలసలో తిరిగినవారికి అది చాలు.

హిజ్కియా కొలత మాత్రం చేతిలో ఉంచుకోవాలి. చిత్రానికి మొక్కు కట్టడం, దానిని తాకించిన నూనె అమ్మడం, జ్వరానికి తలక్రింద పెట్టుకోవడం మొదలైతే కాపరి దానిని ఆపవలసిందే. ఇంటి పెద్దవారిలో ఎవరికైనా పాత జాతర గుర్తుకు వచ్చి మనస్సు కలతపడితే, ఆ ఇంటిలో చిత్రం అవసరం లేదు, కీర్తన ఉంది.

ఇంకొక మాట, భద్రపరచడం గురించి. చెట్టు రంగుల కలంకారీ గాని బాటిక్ గాని ఏడాది పొడుగునా ఎండ పడే గోడకు తగిలిస్తే వెలిసిపోతుంది. అందుచేత శ్రమకాలపు నలువది దినాలకు ఒక చిత్రాన్ని, క్రిస్మసుకు ఒక చిత్రాన్ని బయటికి తీసి, మిగతా కాలం మడతలు పడకుండా కర్రకు చుట్టి, వేపాకు వేసిన పెట్టెలో ఉంచడం మేలు. కతోలిక ఆలయాలలో శ్రమకాలపు చివరి రెండు వారాలు స్వరూపాలను ఊదారంగు గుడ్డతో కప్పే పాత ఆచారం ఉంది. పండుగ నాడు ఆ గుడ్డ తీసినప్పుడు, ఏడాదంతా చూచినవారే మళ్ళీ లేచి నిలబడి చూస్తారు.